అప్పు తీరిందని రాసిన రాగిరేకు

శక సంవత్సరం 822, వైశాఖ మాసం, కృష్ణపక్ష చవితి, సోమవారం. వేంగిలో చాళుక్య భీముడు రాజ్యం చేస్తున్న రోజులవి. ఈ తిథి వేసి ఉన్న ఒక రాగిరేకు 1989లో ఫిలిప్పీన్స్‌లో దొరికింది. మనీలాకు దగ్గర్లో ఉన్న లగూనా సరస్సులోకి లుంబాంగ్ నది వచ్చి కలిసేచోట ఇసుక తోడుతుంటే బయటపడింది. అడుగు పొడవు కూడా లేని పలుచటి రేకు, నల్లబడి, నలిగిపోయి ఉంది. పాత వస్తువుల వ్యాపారుల చేతులు మారి, కొనేవాళ్ళెవరూ లేక, చివరికి జాతీయ మ్యూజియం చేరింది. మిందోరో దీవిలో మంగ్యాన్ తెగవాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి ఉండిపోయిన ఆంటూన్ పోస్ట్మా అనే డచ్ పండితుడు దాన్ని చదివారు. అంతవరకూ ఆ దేశపు లిఖిత చరిత్ర 1521లో స్పెయిన్ పంపిన మెజెల్లన్ ఓడలతోనే మొదలైనట్టు పిల్లలకు పాఠాలు చెప్పేవారు. ఆ రేకు తేదీ క్రీ.శ. 900 ఏప్రిల్ 21. ఒక్క రేకుతో చరిత్ర ఆరు వందల ఏళ్ళకు పైగా వెనక్కి జరిగింది.

రేకు మీద పది వరుసలున్నాయి. రాజుల ప్రశస్తి లేదు, యుద్ధ విజయం లేదు, దేవుడికిచ్చిన మాన్యం లేదు. నమ్వరన్ అనే ఒక పెద్దమనిషి పడ్డ బాకీ తీరిపోయిందని, ఆ సంగతి సాక్షుల ఎదుట రాసి ఇస్తున్నామని మాత్రమే ఉంది. బాకీ ఒక కాటి, ఎనిమిది సువర్ణాల బంగారం. నేటి లెక్కలో కిలోకు కాస్త తక్కువ. పత్రాన్ని అందుకున్నవాళ్ళు ఆయన కూతురు అంగ్కతాన్, ఆమె సోదరుడు బుకా. పత్రం ఇచ్చింది తుండున్ అధిపతి. తుండున్ అంటే నేటి మనీలాలోని టొండో. పత్రంలో పేరున్న పైలా అనే చోటి నాయకుడు జయదేవుడు. ఇక మీదట నమ్వరన్ వంశంలో ఎవరి మీదా ఈ బాకీ ఉండదని స్పష్టంగా చెప్పి, రేపెప్పుడైనా ఎవరైనా వచ్చి బాకీ ఇంకా తీరలేదని అంటే... అన్న దగ్గర చివరి వరుస ఆగిపోతుంది. మిగతాది బహుశా మరో రేకు మీద ఉండేది. అది దొరకలేదు.

స్పెయిన్ రాకముందు ఆ దీవుల్లో మనుషులు ఎలా బతికారన్న ప్రశ్నకు దొరికిన అతి పాత పత్రం ఒక చెల్లుచీటీ. ఆ సమాజం లోపలికి వెళ్ళడానికి దీన్ని మించిన దారి లేదు. అక్కడ భూమికి కొరత లేదు, మనుషులకే కొరత. కాబట్టి ఎంత పొలం ఉందన్నదాని కన్నా, వెంట ఎంతమంది ఉన్నారన్నదే పెద్దరికానికి కొలత. ఆ మనుషులను ఒకరికొకరిని కట్టిపడేసిన తాళ్ళలో చుట్టరికం ఒకటి, అప్పు మరొకటి.

ముందు లిపి సంగతి. రేకు మీద ఉన్నది కవి లిపి. జావాలో వాడిన ఈ లిపికి మూలం దక్షిణ భారతదేశపు పల్లవ లిపి. భాష పాత మలయ్. అందులో సంస్కృత పదాలు, పాత జావా మాటలు, మనీలా ప్రాంతపు పాత తగాలోగ్ మాటలు కలిసి ఉన్నాయి. చెల్లుచీటీకి వాడిన మాట కూడా సంస్కృతమే, శుద్ధపత్రం. ఇది చూసి మనవాళ్ళే అక్కడికి వెళ్ళి రాజ్యాలు స్థాపించారని గొప్పలు చెప్పుకోవడం తగదు. ఆ మాటలూ, ఆ తిథులూ, ఆ లిపీ జావా, సుమత్రా రేవుల మీదుగా వర్తకుల వెంట వచ్చాయి. వాటిని తమ అవసరానికి తగ్గట్టు ఎంచుకుని వాడుకున్నది ఆ దీవుల మనుషులు. అయినా వైశాఖ బహుళ చవితి అన్న తిథి ఏ తెలుగు పంచాంగంలోనైనా కనిపించే తిథే గనుక, ఆ రేకు ముందు నిలబడ్డ తెలుగువాడికి అది పూర్తిగా పరాయిదనిపించదు.

ఏడు వేలకు పైగా దీవులున్న దేశంలో బతుకంతా నీటి మీదే. పలవాన్ దీవిలో టబోన్ గుహల దగ్గర 1964లో దొరికిన మనుంగ్గుల్ కుండను చూస్తే ఇది ఎంత పాత సంగతో తెలుస్తుంది. దాదాపు 2,800 ఏళ్ళ నాటి ఆ మట్టికుండలో చనిపోయినవారి ఎముకలు దాచారు. మూత మీద చిన్న పడవ, అందులో ఇద్దరు. వెనక కూర్చున్నవాడు తెడ్డు వేస్తున్నాడు, ముందున్నవాడు రెండు చేతులూ గుండెల మీద మడుచుకుని కూర్చున్నాడు. పరలోకానికి కూడా పడవలోనే వెళ్తామని నమ్మిన జనం వాళ్ళు. ఆ కుండ బొమ్మ ఫిలిప్పీన్స్ వెయ్యి పెసోల నోటు మీదకూ ఎక్కింది.

మిందనావో దీవిలోని బుతువాన్‌లో 1976లో బంగారం కోసం తవ్వుతున్నవాళ్ళకు బురదలో కూరుకుపోయిన పెద్ద పెద్ద పడవలు తగిలాయి. పదిహేను మీటర్ల పొడవు. మొదట్లో వీటిలో ఒకదాన్ని 4వ శతాబ్దానిదని లెక్కగట్టారు. తరువాత జరిగిన పరీక్షలు వాటిని 8-10 శతాబ్దాల దగ్గరికి తెచ్చాయి. వాటిని కట్టిన తీరు దగ్గరగా చూడదగ్గది. ముందు పలకల్ని అంచుకు అంచు ఆనించి, లోపల కొయ్య చీలలు దిగగొట్టి పడవ ఒళ్ళంతా తయారు చేశారు. అడ్డకట్టెలు ఆ తరువాతే. పలకను చెక్కేటప్పుడే లోపలి వైపు కొన్నిచోట్ల కొయ్యను బొడిపెల్లాగా వదిలేసి, వాటికి బెజ్జాలు తొలిచి, తాటిజాతి చెట్టు నార తాళ్ళతో అడ్డకట్టెలకు బిగించి కట్టారు. ఇనుప మేకు ఒక్కటీ లేదు. అల వచ్చి కొడితే అలాంటి పడవ బిర్రబిగిసి పగిలిపోదు, కాస్త ఒదిగి సర్దుకుంటుంది. ఈ పడవను బలంగాయ్ అంటారు. తగాలోగ్‌లో ఊరిని బరంగాయ్ అంటారు. ఒకే పడవలో వచ్చి దిగిన కుటుంబాలే ఒక ఊరయ్యాయని, అందుకే ఆ పేరని 1589లో హువాన్ దె ప్లాసెన్సియా అనే స్పెయిన్ సన్యాసి రాశాడు. ముప్పై నుంచి వంద ఇళ్ళు, వాటికొక దాతు, అంటే నాయకుడు. అంతే బరంగాయ్. నేటికీ ఫిలిప్పీన్స్ పాలనలో అన్నిటికన్నా చిన్న విభాగానికి అదే పేరు.

ఆ చిన్న ఊళ్ళు లోకానికి దూరంగా ఉన్నాయనుకుంటే పొరపాటు. 982లో మా-ఇ అనే దేశం వర్తకులు సరుకుతో కాంటన్ రేవుకు వచ్చారని చైనా పాత గ్రంథాలు చెబుతాయి. మా-ఇ మిందోరో ప్రాంతమని కొందరు, లగూనా సరస్సు తీరమని కొందరు అంటారు. 1001లో బుతువాన్ రాయబారులు చైనా చక్రవర్తి కొలువుకు వెళ్ళారు. కొన్నేళ్ళకు మమ్మల్ని చంపా రాజ్యంతో సమానంగా చూడండని అడిగి, కాదనిపించుకున్నారు. చంపా అంటే నేటి మధ్య వియత్నాం, అప్పటికే పేరున్న రాజ్యం. దానితో సరితూగుతామని బుతువాన్ అనుకున్నదంటే దాని దగ్గర ఎంత బంగారం, ఎంత ధీమా ఉండేవో ఊహించవచ్చు.

క్వాంఝౌ రేవులో సుంకాల అధికారిగా పనిచేసిన ఝావ్ రుగువా 1225లో రాసిన పుస్తకంలో మా-ఇ వర్తకం కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. చైనా ఓడ వచ్చి నాయకుడి కొలువు ముందున్న రేవులో ఆగుతుంది. స్థానికులు పడవల్లో వచ్చి ఓడెక్కి అందరితో కలిసిపోతారు. అక్కడి నాయకులు తెల్ల గొడుగులు పట్టించుకుని తిరుగుతారు గనుక వర్తకులు ముందు గొడుగులు కానుకగా ఇచ్చుకుంటారు. ఆ తరువాత పింగాణీ, ఇనుప కుండలు, సీసం, గాజుపూసలు, ఇనుప సూదులు గంపలకెత్తుకుని స్థానిక బేరగాళ్ళు వెళ్ళిపోతారు. చూడబోతే దొంగతనంలాగే ఉంటుంది: ఎవరు ఏం తీసుకెళ్ళారో కూడా ముందు తెలియదు. కాని కాలక్రమంలో ఆ మనుషుల్ని గుర్తుపడతారు, సరుకు పోయిన దాఖలా లేదు. వాళ్ళు దీవి నుంచి దీవికి తిరిగి సరుకు అమ్మి, ఎనిమిదో తొమ్మిదో నెలలకు తిరిగొచ్చి తేనెమైనం, పత్తి, ముత్యాలు, తాబేటి చిప్ప, పోకచెక్కలు, బట్టలు తెచ్చి బాకీ తీరుస్తారు. అందుకే మా-ఇ వెళ్ళిన ఓడలు చైనాకు ఆలస్యంగా చేరేవట.

పత్రం లేదు, తాకట్టు లేదు. మాట మీద నెలల తరబడి నడిచే అరువు బేరం. ఇవ్వాల్సింది ఇవ్వకపోతే మనిషికి విలువ లేదన్న కట్టుబాటు ఎంత బలమైనదో, దాన్ని తప్పినవాడికి పడే శిక్ష కూడా అంతే గట్టిది. ఆ రెండో వైపుకు కాస్సేపట్లో వద్దాం.

దక్షిణాన సులు దీవుల్లో ఇస్లాం వేళ్ళూనుకుంటున్న కాలంలో, 1417లో తూర్పు సులు రాజు పరివారంతో చైనా వెళ్ళి మింగ్ చక్రవర్తి యోంగ్లేను కలిశాడు. తిరుగు ప్రయాణంలో షాన్‌దోంగ్ రాష్ట్రంలోని దెఝౌ దగ్గర జబ్బుచేసి చనిపోయాడు. చక్రవర్తి రాజలాంఛనాలతో సమాధి కట్టించాడు. దాన్ని చూసుకోవడానికి ఆయన కుటుంబంలో కొందరు అక్కడే ఉండిపోయారు. ఆ వంశీకులు ఇప్పటికీ చైనాలో ఉన్నారు, సమాధీ ఉంది.

ఇక బంగారం. 1917లో మిందనావోలో అగుసాన్ ప్రాంతాన వరదలు తగ్గాక నది ఒడ్డున ఒక మనోబో తెగ స్త్రీకి బంగారు బొమ్మ దొరికింది. పద్మాసనం వేసుకుని కూర్చున్న దేవత, తలపై కిరీటం, చేతులకు కడియాలు. బరువు రెండు కిలోలకు కొంచెం తక్కువ, 21 క్యారెట్ల మేలిమి. బౌద్ధుల తారాదేవి అని చాలామంది పండితులు గుర్తించారు. ఆ విగ్రహం ఇప్పుడు షికాగోలోని ఫీల్డ్ మ్యూజియంలో ఉంది. 1981లో సురిగావో దెల్ సుర్‌లో బుల్డోజర్ నడిపే ఒకాయన మట్టి తీస్తుంటే నగల కుప్ప బయటపడింది. నడుముకు కట్టుకునే పట్టాలు, గిన్నెలు, కిన్నరి రూపంలో ఉన్న పాత్ర ఒకటి. అన్నిటినీ మించినది భుజం మీంచి ఏటవాలుగా వేసుకునే బంగారు యజ్ఞోపవీతం. దారానికి బదులు బంగారు తీగెలతో అల్లిన ఆ హారం దాదాపు నాలుగు కిలోలు. దాన్ని వేసుకుని ఎవరూ రోజూ తిరగలేరు. ఏదో కొలువులోనో ఉత్సవంలోనో అందరూ చూడగా ధరించాల్సిన వస్తువు. దాన్ని మనీలా మహానగరంలోని అయాలా మ్యూజియంలో చూడవచ్చు.

బంగారం రాజుల ఒంటి మీదే ఉండిపోలేదు, పళ్ళల్లోకీ వెళ్ళింది. పంగసినాన్‌లోని బోలినావో దగ్గర దొరికిన 14-15 శతాబ్దాల పుర్రెకు ముందు పళ్ళన్నిటి మీదా చేప పొలుసుల్లాంటి బంగారు రేకులు పొదిగి ఉన్నాయి. పంటికి నొప్పి తెలియని లోతు వరకే తొలిచి, రేకును సన్నటి బంగారు చీలతో నిలిపారు. మెజెల్లన్ వెంట వచ్చిన ఇటలీవాడు అంతోనియో పిగఫెట్టా, 1521లో బుతువాన్ రాజును చూసి ఒక్కో పంటి మీద మూడేసి బంగారు చుక్కలున్నాయని రాసుకున్నాడు. చెవులకు బంగారు పోగులు, తలకు పట్టు గుడ్డ, నడుముకు బంగారు పిడి బాకు, ఒళ్ళంతా పచ్చబొట్లు, సాంబ్రాణి వాసన. తాము చూసినవాళ్ళలో అంత అందమైన మనిషి లేడన్నాడు. దేశం నడిమధ్యనున్న విసాయా దీవుల మగవాళ్ళకు పచ్చబొట్టు అలంకారం మాత్రమే కాదు. పోరాటంలో చేయి చూపినవాడికే అది దక్కేది. ఒక్కో సాహసానికీ కొంత. ముఖం దాకా పొడిపించుకున్నాడంటే వాడు కాకలు తీరినవాడన్నమాట. ఆ పచ్చబొట్లు చూసే స్పెయిన్ వాళ్ళు విసాయన్లకు పింతాదోలు అని పేరు పెట్టారు.

ఈ వెలుగంతా చూశాక అప్పు దగ్గరికి తిరిగి రావాలి. ఎందుకంటే ఆ బలంగాయ్ పడవలో తెడ్డు వేసినవాళ్ళు ఎవరన్నది అడక్కుండా ఆ పడవ అందాన్ని మాత్రమే పొగడటం న్యాయం కాదు.

తగాలోగ్ ఊళ్ళో దాతు కింద మహర్లికలుండేవారు. వాళ్ళు పన్ను కట్టరు, దాతు యుద్ధానికి వెళ్తే ఆయుధం పట్టి వెంట వెళ్తారు. వాళ్ళ కింద అలిపిన్‌లు. స్పెయిన్ వాళ్ళు ఈ మాటను బానిస అని రాసిపెట్టుకున్నారు గాని అసలు వ్యవస్థ అంత సూటిగా లేదు. అలిపింగ్ నమమహాయ్‌కి సొంత ఇల్లుంటుంది, కొంత బంగారమూ ఆస్తీ ఉంటాయి, అవి పిల్లలకే దక్కుతాయి. పంటలో ఒప్పుకున్న భాగం యజమానికి ఇవ్వాలి, పిలిచినప్పుడు పనికి వెళ్ళాలి. వాణ్ణి అమ్మడానికి వీల్లేదు. అలిపింగ్ సగిగిలిద్ మాత్రం యజమాని ఇంట్లోనే ఉండి చాకిరీ చేస్తాడు. వాణ్ణి అమ్మవచ్చు.

మనిషి ఆ స్థితికి రావడానికి దారులు అనేకం. యుద్ధంలో పట్టుబడటం, జరిమానా కట్టలేకపోవడం, పుట్టుక. అన్నిటికన్నా వెడల్పైన దారి అప్పు. 1582లో మిగెల్ దె లోఆర్కా అనే స్పెయిన్ వాడు రాసిన ప్రకారం విసాయా దీవుల్లో తెచ్చుకున్న ధాన్యం ఏడాదిలోపు తిరిగి ఇవ్వకపోతే రెట్టింపు ఇవ్వాలి, అదీ కాకపోతే ఆపై ఏడాది నాలుగింతలు. కరువొచ్చిన ఇంటికి ఆ లెక్క ఎక్కడికి తీసుకెళ్తుందో రైతు కుటుంబాల్లో పుట్టిన తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

పిల్లల విషయంలో లెక్క మరీ వింతగా ఉండేది. తండ్రి స్వేచ్ఛాపరుడు, తల్లి అలిపిన్ అయితే సంతానాన్ని వరుసగా పంచుకునేవారు. మొదటి బిడ్డ తండ్రి స్థితి పొందితే రెండోది తల్లిది, మూడోది మళ్ళీ తండ్రిది. ఒక్కడే పుట్టినా, చివర ఒకరు మిగిలినా ఆ బిడ్డ సగం స్వేచ్ఛాపరుడు, సగం అలిపిన్. ఇది మాటవరసకు అన్నది కాదు. 1609లో పుస్తకం అచ్చువేసిన స్పెయిన్ అధికారి అంతోనియో దె మోర్గా, సగం బానిసలూ పావు బానిసలూ కూడా ఉన్నారని, వాళ్ళు ఒక నెల యజమానికి చాకిరీ చేసి మరుసటి నెల తమ పని తాము చూసుకుంటారని రాశాడు. సగం బానిస న్యాయమైన ధర కట్టి విడుదల కోరితే యజమాని కాదనకూడదు. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే చూరు కింద పెరిగి, అన్న స్వేచ్ఛగా, తమ్ముడు మరొకరి సొత్తుగా బతికిన ఇళ్ళు అవి.

ఇప్పుడు లగూనా రేకును మళ్ళీ చదవాలి. నమ్వరన్ బాకీ ఆయనతో పోయేది కాదు. కూతురు, కొడుకు, పుట్టబోయే మనవలు, అందరి మెడ మీదా ఉండేది. అందుకే ఆ పత్రాన్ని అందుకున్నది పిల్లలు. అందుకే వంశంలో ఎవరినీ ఎప్పటికీ అడగకూడదని అంతమంది అధిపతుల పేర్లు వేసి, చెరగకుండా రాగి మీద చెక్కించారు. ఆ కుటుంబానికి అది స్వేచ్ఛాపత్రం. మోర్గా కన్నా ఏడు శతాబ్దాలు ముందటి రేకు అదే కట్టుబాటును చూపిస్తున్నదంటే, దాతులు మారారు, వర్తకులు మారారు, అప్పు మాత్రం ఉన్నచోటే ఉందన్నమాట.

ఆడవాళ్ళ స్థితి విషయంలో మాత్రం ఆ సమాజం అప్పటి యూరప్ కన్నా మెరుగ్గా ఉండేదని చెప్పడానికి సంకోచించనక్కర్లేదు. పెళ్ళికి డబ్బు ఇచ్చేది పెళ్ళికొడుకు వైపువాళ్ళు. తండ్రి ఆస్తిలో కూతుళ్ళకూ కొడుకులకూ సమాన వాటా. విడాకులు మామూలు విషయం, వాటికీ నియమాలున్నాయి. భార్య మరొకరిని చేసుకోవడానికి విడిచి వెళ్తే శుల్కమంతా, దానికి సమానమైన మరో మొత్తమూ భర్తకు ఇవ్వాలి. భర్తే విడిచిపెడితే సగం వదులుకోవాలి. పిల్లలుంటే ఆ సొమ్ము పిల్లలకే చెందుతుంది, తాతలో పెద్దలో దాన్ని కాపాడాలి. ఈ వివరాలన్నీ ప్లాసెన్సియా రాసినవే, మెచ్చుకుంటూ రాసినవి కావు. న్యాయస్థానాల్లో స్థానికుల తగవులు తీర్చడానికి ఆచారాలేమిటో రాసి పంపమంటే పంపాడు. అందుకే వాటికి విలువ.

దేవుళ్ళతో మాట్లాడే పని కూడా ఎక్కువగా ఆడవాళ్ళదే. విసాయాలో బబయ్లాన్, తగాలోగ్ ప్రాంతంలో కతలోనన్. జబ్బుచేస్తే, పంట వేస్తే, పడవ కడితే వాళ్ళు రావాలి. పూర్వీకుల ఆత్మలకు కొయ్య బొమ్మలు చెక్కి పెట్టుకునేవారు, దేవతలను దివాతాలనేవారు. మగవాళ్ళు ఆ పని చేసిన సందర్భాల్లో స్త్రీ వేషంలో, స్త్రీలాగే బతికేవారు, వాళ్ళకూ గౌరవం ఉండేది. స్పెయిన్ సన్యాసులు మొదట ఎదుర్కొన్నది వీళ్ళనే. 1621లో బొహోల్ దీవిలో తంబ్లోత్ అనే పూజారి పాత దేవతల పేరు మీద తిరుగుబాటు లేవదీశాడు. అప్పటికే క్రైస్తవం వచ్చి అర్ధశతాబ్దం దాటింది.

ఇళ్ళు నేలకు ఎత్తుగా, వెదురు గుంజల మీద. గుమ్మం దగ్గర నీళ్ళ కుండ. కాళ్ళు కడుక్కోకుండా ఎవరూ లోపలికి రారు. రోజూ స్నానం. ఇంటికొచ్చినవాడికి ముందు తాంబూలం, తరువాతే మాట. 1604లో పెద్రో చిరీనో అనే జెసూట్ ఇవన్నీ ఆశ్చర్యపోతూ రాశాడు. తెలుగు పాఠకుడికి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

చిరీనో మరో మాట కూడా రాశాడు: ఈ దీవుల్లో చదవడం, రాయడం రాని మగవాడు గాని ఆడది గాని దాదాపు లేరని. కాస్త అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు, కాని లిపి మాత్రం నిజం. దాని పేరు బైబాయిన్. పదిహేడు అక్షరాలు: మూడు అచ్చులు, పద్నాలుగు హల్లులు. మన లిపిలోలాగే ప్రతి హల్లులోనూ అకారం దాగి ఉంటుంది. పైన చుక్క పెడితే ఇ, ఎ. కింద పెడితే ఉ, ఒ. మన పొల్లు లాంటిది మాత్రం లేదు. అచ్చు లేని హల్లును రాయరు, చదివేవాడే పోల్చుకోవాలి. 1621లో ఫ్రాన్సిస్కో లోపెజ్ అనే మతాచార్యుడు ఇలోకానో పుస్తకం కోసం చిన్న శిలువ గుర్తును పొల్లుగా పెట్టాడు. అక్కడివాళ్ళు ఆ ఏర్పాటును మెచ్చుకున్నారు గాని పాత పద్ధతిని వదలలేదు.

వెదురు మీద కత్తి మొనతో గీసేవారు, ఆకుల మీద రాసేవారు. అవి వానకూ చెదలకూ నిలవలేదు. 1593లో మనీలాలో అచ్చయిన క్రైస్తవ ప్రశ్నోత్తరాల పుస్తకంలో బైబాయిన్ ఉంది. సాంతో తోమాస్ విశ్వవిద్యాలయంలో 17వ శతాబ్దపు భూమి అమ్మకం పత్రాలు రెండున్నాయి. మిందోరోలో హనునూ మంగ్యాన్‌లు ఇప్పటికీ అలాంటి లిపిలోనే వెదురు మీద పాటలు గీస్తారు. రాగిరేకును చదివిన పోస్ట్మా ఏళ్ళ తరబడి సేకరించిందీ వాళ్ళ పాటలనే.

1521 ఏప్రిల్‌లో మెజెల్లన్ సెబూ రేవులోకి వచ్చినప్పుడు అక్కడి రాజు హుమబోన్ అడిగిన మొదటి మాట సుంకం కట్టమని. నాలుగు రోజుల క్రితమే సియాం ఓడ ఒకటి వచ్చి సుంకం కట్టి వెళ్ళిందని చెప్పాడు. ఆ ఓడ తాలూకు ముస్లిం వర్తకుడు ఒకడు ఇంకా రేవులోనే ఉన్నాడు. అతను హుమబోన్ దగ్గరికి వెళ్ళి, జాగ్రత్త, కాలికట్‌నూ మలక్కానూ పట్టుకున్నది వీళ్ళేనని హెచ్చరించాడు. వీళ్ళు వచ్చింది పోర్చుగల్ తరఫున కాదు, స్పెయిన్ తరఫున. అయినా అతని హెచ్చరిక తప్పు కాదు. కేరళ తీరంలో జరిగిన దాడుల కబురు అప్పటికే సెబూ దాకా చేరిందన్నది గమనించాలి. ఆ సముద్రం వర్తకులకు ఒక్కటే ఊరు.

హుమబోన్ ఆ కొత్తవాళ్ళతో చెలిమి చేశాడు. ఎదురుగా ఉన్న మక్తాన్ దీవిలో లపులపు అనే దాతు లొంగనన్నాడు. 1521 ఏప్రిల్ 27 ఉదయం మోకాటి లోతు నీళ్ళల్లో జరిగిన పోరులో మెజెల్లన్ చనిపోయాడు. లపులపును జాతీయ వీరుడిగా కొలవడం సహజమే. ఆయన కాపాడుకున్నది మాత్రం దేశాన్ని కాదు, అప్పటికి ఆ పేరుతో దేశమే లేదు. ఒక దాతు మరొక దాతుకు తలవంచనక్కర్లేదన్న పద్ధతిని కాపాడుకున్నాడు. ఆ స్వతంత్రమే వాళ్ళ బలం. 1565లో స్పెయిన్ సేనాని లెగాస్పి వచ్చి ఒక్కొక్క దాతుతో విడివిడిగా ఒప్పందం చేసుకుంటూ, 1571లో మనీలాను చేజిక్కించుకునేసరికి అదే వాళ్ళ బలహీనత కూడా అయింది.

మూడు వందల ఏళ్ళ పరాయి పాలన తరువాత ఈ గతాన్ని వెతికి పట్టుకున్నవాడు హోసే రిజాల్ అనే రచయిత. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో కూర్చుని మోర్గా పుస్తకాన్ని స్వహస్తాలతో నకలు రాసుకుని, అడుగడుగునా వ్యాఖ్యలు చేర్చి 1890 సంవత్సరం వేసి పారిస్‌లో అచ్చువేయించాడు. మేము అడవి మనుషులం కాదు, మాకు పడవలున్నాయి, చట్టాలున్నాయి, అక్షరాలున్నాయి అని నిరూపించాలని ఆయన ఆరాటం. కొన్నిచోట్ల ఆ ఆరాటం ఆధారాలను దాటిపోయిందని తరువాతి చరిత్రకారులు చూపించారు. అయినా ఆ ప్రశ్న వేసిన ఘనత ఆయనదే.

గతం కోసం పడే ఆ ఆరాటాన్ని సొమ్ము చేసుకున్నవాళ్ళూ ఉన్నారు. 1433 నాటి కలంత్యావ్ శిక్షాస్మృతి అని ఒక పత్రాన్ని హోసే మార్కో అనే అతను 1914లో బయటపెట్టాడు. దశాబ్దాల పాటు అది పాఠ్యపుస్తకాల్లో ఉంది, ఆ పేరుతో బిరుదులు కూడా ఇచ్చారు. చరిత్రకారుడు విలియం హెన్రీ స్కాట్ 1968లో తన పరిశోధనలో అది మార్కో సృష్టించిన దొంగపత్రమని తేల్చాడు. ప్రభుత్వ చరిత్ర సంస్థ ఆ మాట ఒప్పుకుని ప్రకటించడానికి 2004 దాకా పట్టింది. రెండు వేల ఏళ్ళ నాటివని అందరూ చెప్పుకునే ఇఫుగావో కొండల మీది వరి మెట్లదీ దాదాపు ఇదే కథ. పురావస్తు పరిశోధకుడు స్టీఫెన్ అకబాడో బృందం తవ్వకాల ప్రకారం అక్కడ మాగాణి వరి ఊపందుకున్నది స్పెయిన్ వాళ్ళు వచ్చిన తరువాతే. వాళ్ళకు లొంగకుండా కొండలెక్కినవాళ్ళ పని అది. ఇందులో చిన్నబుచ్చుకోవాల్సిందేమీ లేదు. పరాయివాళ్ళకు లొంగకుండా కొండను మెట్లు మెట్లుగా చెక్కి అన్నం పండించుకున్న జనం కథ, రెండు వేల ఏళ్ళ కథకన్నా ఏ విధంగానూ తక్కువది కాదు.

అసలైన ఆధారాలు ఇన్ని ఉండగా దొంగపత్రాల అవసరం ఆ దేశానికి ఎప్పుడూ లేదు. వాటిలో బంగారమూ ఉంది, బానిసత్వమూ ఉంది. రెంటినీ కలిపి చదవగలిగినవాళ్ళకే ఆ గతం దక్కుతుంది.

ఇవాళ ఆంధ్ర, తెలంగాణల నుంచి ఎందరో పిల్లలు వైద్యవిద్య కోసం మనీలాకూ దవావోకూ వెళ్తున్నారు. వాళ్ళకూ, వాళ్ళను చూడటానికి వెళ్ళే తల్లిదండ్రులకూ ఒక మాట. మనీలాలో రిజాల్ పార్కు పక్కనే జాతీయ మానవశాస్త్ర మ్యూజియం ఉంది. ప్రవేశం ఉచితం. మనుంగ్గుల్ కుండా, లగూనా రాగిరేకూ ఆ మ్యూజియంవే. ఒక పూట తీరిక చేసుకుని వెళ్ళి చూడండి.